ఎలుక అండాశయంలో గడ్డలు, వాటి వెనక హార్మోన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు నేను కల్పించినవి కావు. సగం జువాలజీ, ఫార్మసీ చదివే పిల్లలు అడిగేవి. మిగతా సగం, మందు డబ్బాలోని కాగితం చదివి కంగారుపడి ఫోన్ చేసే బంధువులవి. ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా ఉంటుంది, మీకు కావలసిన దగ్గరకి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అండాశయంలో గడ్డ అంటే అన్నీ ఒకటే కదా?

కాదు. అక్కడ మూడు రకాల కణాలున్నాయి. అండాశయాన్ని పైన పొరలా కప్పి ఉండేవి ఒక రకం. అండం చుట్టూ చేరి దాన్ని పెంచుతూ, హార్మోన్లు తయారుచేసే గ్రాన్యులోసా, థీకా కణాలు రెండో రకం. మూడోది అండకణాలే. ఆడవాళ్లలో కనిపించే అండాశయ క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఎపిథీలియల్ రకం, అంటే పొర కణాల జాతి. ప్రయోగశాల ఎలుకలో హార్మోన్ల తారుమారుతో వచ్చేవి మాత్రం ఎక్కువగా గ్రాన్యులోసా గడ్డలు, ల్యూటియోమాలు (అండం విడుదలయ్యాక మిగిలే ల్యూటియల్ కణాల గడ్డలు), ట్యూబులార్ అడినోమాలు (గొట్టాల్లా పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలు). పరిశోధన పేపర్ శీర్షికలో 'ఒవేరియన్ ట్యూమర్' అని మాత్రమే ఉంటే అది ఏ రకమో లోపల వెతికి చూసుకున్నాకే మిగతాది చదవండి. నాకు వచ్చే ఫోన్లలో సగం గందరగోళం ఈ ఒక్క ముక్క దగ్గరే పుడుతుంది.

మామూలు ఎలుకలో ఈ హార్మోన్లు ఎలా నడుస్తాయి?

మెదడులోని హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ వస్తుంది. అది మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిని తడితే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లు రక్తంలోకి దిగుతాయి. ఆ రెండూ అండాశయానికి చేరి ఫాలికిళ్లను (అండం పెరిగే చిన్న సంచుల్ని) పెంచి, అండం విడుదల చేయిస్తాయి. పెరిగే ఫాలికిల్ ఈస్ట్రోజెన్‌ని, ఇన్‌హిబిన్‌ని తయారుచేస్తుంది. అవి పైకి వెళ్లి పిట్యూటరీకి 'ఇక చాలు' అని చెబుతాయి. పొలంలో తడి నిండగానే మోటారు ఆపే మనిషి లాంటివి ఇవి. ఆ మనిషి లేకపోతే మోటారు తిరుగుతూనే ఉంటుంది, మడి మునిగిపోతుంది. ఎలుక అండాశయ గడ్డల కథలో ఎక్కువ భాగం, మోటారు ఆపేవాడు లేని కథే.

హార్మోన్ గడ్డను పుట్టిస్తుందా, ఉన్నదాన్ని పెంచుతుందా?

చాలా ప్రయోగాల్లో పెంచడమే ఎక్కువ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి 'విభజించు, విభజించు' అని తరుముతుంటే కణాల్లో పొరపాట్లు పేరుకునే అవకాశమూ పెరుగుతుంది కాబట్టి రెండిటి మధ్య గట్టి గోడ లేదు. జేకబ్ ఫర్త్ అనే పాథాలజిస్టు ఎండోక్రైన్ గడ్డల మీద చాలాకాలం పనిచేసి రెండు దశలు చూపించాడు. మొదట్లో గడ్డ హార్మోన్ మీద ఆధారపడి ఉంటుంది. అదే హార్మోన్ స్థితి ఉన్న ఎలుకలోకి మారిస్తేనే అక్కడ పెరుగుతుంది, మామూలు ఎలుకలో పెరగదు. ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకి మారుస్తూ పోతే కొన్నాళ్లకి దానికి ఆ హార్మోన్ అవసరమే ఉండదు, ఎక్కడ పెట్టినా పెరుగుతుంది.

## ప్రయోగాల దగ్గర

అండాశయాన్ని తీసుకెళ్లి ప్లీహంలో (స్ప్లీన్‌లో) పెట్టారట, అదేం పిచ్చి?

పిచ్చి కాదు, చాలా తెలివైన పని. 1944లో అమెరికాలో మోర్టన్ బిస్కిండ్, గెర్సన్ బిస్కిండ్ చేశారు. ఆడ ఎలుకకి రెండు అండాశయాలూ తీసేసి, అందులో ఒక ముక్కను దాని ప్లీహంలోనే నాటారు.

ప్లీహమే ఎందుకంటే, దాని రక్తం నేరుగా గుండెకి పోదు. పోర్టల్ సిర గుండా ముందు కాలేయానికి వెళ్తుంది. కాలేయం ఈస్ట్రోజెన్‌ని నిర్వీర్యం చేస్తుంది. అంటే ప్లీహంలో ఉన్న అండాశయం బతికే ఉంది, ఈస్ట్రోజెన్ తయారు చేస్తూనే ఉంది, కానీ అది పిట్యూటరీ దాకా చేరదు. పిట్యూటరీ దృష్టిలో ఈ ఎలుకకి అండాశయమే లేదు. అందుకని ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ కుమ్మరిస్తుంది. ఆ రెండూ ధమని దారిలో ప్లీహానికి చక్కగా చేరతాయి, ఎందుకంటే వెళ్లే దారిలో కాలేయం అడ్డం లేదు. పాపం ఆ ముక్క ఎంత పనిచేసినా పైనుంచి ఇంకా చెయ్యి అనే వస్తుంది. మొదట ఫాలికిళ్లు ఉబ్బుతాయి, ల్యూటియల్ కణజాలం పేరుకుంటుంది, నెలలు గడిచాక గ్రాన్యులోసా గడ్డ తయారవుతుంది.

నాకు ఈ ప్రయోగంలో బాగా నచ్చేది, విఫలమైన ఎలుకలు. కొన్నింట్లో ప్లీహం పక్కనున్న పొట్ట గోడకి అతుక్కుపోయి, ఆ అతుకులోంచి సన్నని కొత్త సిరలు మొలిచాయి. ఆ సిరల దారిన ఈస్ట్రోజెన్ కాలేయాన్ని తప్పించుకుని ఒంట్లోకి వెళ్లిపోయింది. ఆ ఎలుకల్లో గడ్డ రాలేదు. నాటిన ముక్క అదే, చోటు అదే. తేడా అంతా ఒక దొంగ దారిలోనే ఉంది. ఇంతకంటే మంచి కంట్రోల్ (పోల్చి చూసే గుంపు) ఎవరూ కావాలని కూడా తయారు చేయలేరు.

మరి తప్పు పిట్యూటరీదేనని ఎలా తేల్చారు? కొత్త చోటే కారణం కావచ్చు కదా?

మంచి అనుమానం. దానికి మూడు వైపుల నుంచి జవాబు దొరికింది. ప్లీహంలో ముక్క నాటి, ఒక అండాశయాన్ని దాని చోట అలాగే ఉంచేస్తే గడ్డ రాదు. రెండూ తీసేసినా బయటినుంచి ఈస్ట్రోజెన్ గానీ టెస్టోస్టెరాన్ గానీ ఇస్తూ ఉంటే రాదు. పిట్యూటరీనే తీసేస్తే అప్పుడూ రాదు. చోటే కారణమైతే ఈ మూడిట్లోనూ రావాలి. తర్వాత 1947లో లీ, గార్డ్‌నర్ చిట్టెలుకల్లో కూడా ఇదే పద్ధతిలో గడ్డలు తెప్పించారు కాబట్టి ఒక్క జాతికే పరిమితమైన వింత కాదు.

ఎక్స్‌రే తగిలినా వస్తాయంటారు. అది రేడియేషన్ తప్పు కదా, హార్మోన్‌కేం సంబంధం?

1936లో ఫర్త్, బటర్‌వర్త్ చిట్టెలుకలకి ఎక్స్‌రే ఇచ్చి అండాశయ గడ్డలు చూశారు. చూడగానే డీఎన్‌ఏ దెబ్బతిని క్యాన్సర్ వచ్చిందనుకుంటాం. కానీ ఒక అండాశయానికి సీసం అడ్డుపెట్టి రెండో దానికే రేడియేషన్ ఇస్తే, దెబ్బ తిన్న దాంట్లో గడ్డ రావడం లేదు! చిట్టెలుక అండకణాలు రేడియేషన్‌కి చాలా సున్నితం, కొద్ది మోతాదుకే చచ్చిపోతాయి. అండాలు పోతే ఫాలికిళ్లు ఉండవు, ఫాలికిళ్లు లేకపోతే ఈస్ట్రోజెన్ ఉండదు, పిట్యూటరీకి పగ్గం ఉండదు. మిగిలిన కణాల మీద ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ వరదలా పడతాయి. ఒక్క అండాశయం ఆరోగ్యంగా మిగిలినా ఆ పగ్గం పట్టుకుని ఉంటుంది. డీఎన్‌ఏ దెబ్బకి పాత్రే లేదని దీని అర్థం కాదు, అది ఒక్కటే చాలదని.

జన్యువు తీసేసిన ఎలుకల్లో ఏం తెలిసింది?

1992లో మార్టిన్ మాట్జుక్ బృందం ఇన్‌హిబిన్ ఆల్ఫా జన్యువు లేని చిట్టెలుకల్ని తయారుచేసింది. ఎఫ్‌ఎస్‌హెచ్‌కి బ్రేకు వేసేది ఇన్‌హిబిన్. ఆ బ్రేకు పీకేస్తే ఆడవాటికీ మగవాటికీ కూడా బీజాంగాల్లో గడ్డలు వచ్చాయి, కొన్నింట్లో నాలుగు వారాల వయసుకే. గడ్డ యాక్టివిన్ అనే ప్రోటీన్‌ని ఎక్కువగా వదలడం వల్ల ఆ ఎలుకలు చిక్కి శల్యమై చనిపోతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇన్‌హిబిన్ నేరుగా గడ్డను ఆపే జన్యువా, లేక ఎఫ్‌ఎస్‌హెచ్‌ని ఆపడం ద్వారా పరోక్షంగా ఆపుతోందా? 1996లో అదే బృందం ఈ ఎలుకల్ని, పుట్టుకతోనే జీఎన్‌ఆర్‌హెచ్ లేని 'హెచ్‌పీజీ' ఎలుకలతో కలిపింది. వాటి పిల్లల్లో ఇన్‌హిబిన్ లేదు, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ కూడా నామమాత్రం. గడ్డలు రాలేదు. బ్రేకు లేని బండి అయినా ఇంజనే స్టార్ట్ కాకపోతే ఎక్కడికి పోతుంది?

ఏమీ చేయకుండా, దానంతటదే గడ్డ వచ్చే ఎలుక ఉందా?

ఉంది. ఎస్‌డబ్ల్యూఆర్ అనే ఇన్‌బ్రెడ్ జాతి చిట్టెలుకల్లో కొద్దిపాటి ఆడపిల్లలకి ఈడొచ్చే సమయంలో గ్రాన్యులోసా గడ్డ వస్తుంది. జాక్సన్ లేబొరేటరీలో వెస్లీ బీమర్ వీటిని ఎన్నో ఏళ్లు పరిశీలించాడు. డీహెచ్‌ఈఏ (మగ హార్మోన్లకి ముడిసరుకు లాంటి హార్మోన్) గానీ టెస్టోస్టెరాన్ గానీ ఆ వయసులో ఇస్తే గడ్డలు వచ్చే ఎలుకల సంఖ్య పెరుగుతుంది. ఆ వయసు దాటాక కొత్తగా రావడం ఇంచుమించు ఆగిపోతుంది. కిటికీ తెరుచుకునేది కొద్ది రోజులే.

పేపర్లో వాళ్లకి గడ్డ వచ్చింది, మాకు రాలేదు. మోతాదు తప్పా?

ముందు ఎలుక జాతి చూడండి. ఎల్‌హెచ్ ఎక్కువగా ఉండేలా జన్యుమార్పు చేసిన చిట్టెలుకల్లో, సీఎఫ్-1 నేపథ్యం ఉన్నవాటికి సుమారు ఐదు నెలలకి గ్రాన్యులోసా గడ్డలు వస్తాయి. అదే జన్యువును వేరే జాతితో కలిపిన సంకర ఎలుకల్లో పెడితే గడ్డ ల్యూటియోమాగా మారిపోతుంది. ఎల్‌హెచ్ ఒకటే, ఫలితం వేరు. జాతి సరిపోతే తర్వాత చూడాల్సినవి వయసు, ఎన్ని నెలలు ఆగారు, అండాశయం పూర్తిగా తీశారా అనేవి. చిన్న ముక్క లోపల మిగిలిపోయినా మొత్తం లెక్క తప్పుతుంది.

ఎలుక ఋతుచక్రంలో ఏ రోజున ఉందో ఎలా తెలుసుకుంటారు?

డ్రాపర్‌తో ఒక్క చుక్క సెలైన్ యోనిలోకి వదిలి, మళ్లీ పీల్చి, స్లైడు మీద వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. చక్రం నాలుగైదు రోజులదే కాబట్టి రోజూ ఒకే వేళకి చూడాలి. ప్రోఈస్ట్రస్‌లో (ఎదకి ముందు దశ) గుండ్రటి కణాలు, మధ్యలో కేంద్రకంతో, గుత్తులుగా కనిపిస్తాయి. ఈస్ట్రస్‌లో (ఎద దశ) కేంద్రకం లేని పలచటి పెళుసు రేకులు, అచ్చం చెదిరిన అటుకుల్లా. డైఈస్ట్రస్‌లో (ఎద లేని విరామ దశ) స్లైడంతా ఆవాలు చల్లినట్టు తెల్ల రక్తకణాలు.

నేను నేర్చుకునే రోజుల్లో మొదటి వారం నా ఎలుకలన్నీ డైఈస్ట్రస్‌లోనే కనిపించాయి. స్లైడు తప్పు, రంగు తప్పు అని తెగ టెన్షన్ పడ్డాను. తప్పు బోనుది. ఆడ ఎలుకల్ని మగ వాసన తగలకుండా గుంపుగా ఒకేచోట ఉంచితే వాటి చక్రం మందగిస్తుంది. మగ ఎలుక పడుకున్న పొట్టు కాస్త తెచ్చి బోనులో వేస్తే రెండు మూడు రోజుల్లో మళ్లీ కదులుతుంది. హార్మోన్ ప్రయోగానికి బోను కూడా ఒక మందు లాంటిదే అని అప్పుడు తెలిసొచ్చింది.

## ఫలితాలు చదివేటప్పుడు

ఒక పేపర్ ఈస్ట్రోజెన్ గడ్డను ఆపిందంటుంది, ఇంకోటి పెంచిందంటుంది. ఎవరు అబద్ధం?

ఎవరూ కాదు. ప్లీహంలో నాటిన అండాశయం విషయంలో ఈస్ట్రోజెన్ పిట్యూటరీని అణచి గ్రాన్యులోసా గడ్డను ఆపుతుంది. అక్కడ అది పనిచేసేది తలలో. పొర కణాల గడ్డల దగ్గర ఈస్ట్రోజెన్ నేరుగా కణం మీదే పనిచేయగలదు. 2010లో కెనడాలోని ఒటావాలో బార్బరా వాండర్‌హైడెన్ బృందం, అండాశయ పొర కణాల్లో క్యాన్సర్ జన్యువు మేలుకునేలా చేసిన చిట్టెలుకలకి ఎస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ ఇచ్చింది. గడ్డ తొందరగా వచ్చింది, ఎలుకలు తొందరగా చనిపోయాయి. ప్రొజెస్టెరాన్ ఇస్తే ఆ తేడా రాలేదు. ఆడ కుక్కలకి డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ ఇచ్చినప్పుడు కూడా పొర కణాల నుంచే క్యాన్సర్లు రావడం 1960లలోనే చూశారు. కాబట్టి 'ఈస్ట్రోజెన్ మంచిదా చెడ్డదా' అన్న ప్రశ్నే సరైనది కాదు. ఏ కణం మీద, ఏ దారిలో అని అడగాలి.

ప్రొజెస్టెరాన్ కాపాడుతుందన్నది నిజమేనా?

కోతుల్లో ఒక బలమైన ఆధారం ఉంది. 1998లో గుస్తావో రోడ్రిగ్జ్ బృందం మకాక్ కోతులకి 35 నెలలు మందులిచ్చింది. కొన్నింటికి గర్భనిరోధక మాత్రల మిశ్రమం, కొన్నింటికి ఈస్ట్రోజెన్ భాగం మాత్రమే, కొన్నింటికి లెవోనార్‌జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ (కృత్రిమ ప్రొజెస్టెరాన్) భాగం మాత్రమే, మిగతావాటికి ఏదీ లేదు. ప్రొజెస్టిన్ అందిన కోతుల అండాశయ పొరలో తమంతట తాము చనిపోయే కణాలు, అందనివాటితో పోలిస్తే నాలుగు నుంచి ఆరు రెట్లు కనిపించాయి. దెబ్బతిన్న కణాలు ఇలా ఏరివేతకి గురైతే క్యాన్సర్ మొలకెత్తే అవకాశం తగ్గుతుందన్నది వాళ్ల వాదన. ఆ కోతుల్లో క్యాన్సర్ తగ్గిందని మాత్రం ఎవరూ చూపించలేదు. ఈ తేడా చెప్పకుండా రాసే వార్తలే ఎక్కువ.

ఎలుకలు వదిలేసి కోళ్ల మీద ఎందుకు పడ్డారు?

కోడికి అండాశయ క్యాన్సర్ దానంతటదే వస్తుంది, అదీ పొర కణాల రకం, అంటే మనిషిలో వచ్చేదానికి దగ్గర. కారణం రోజూ గుడ్డు పెట్టడమేనని అనుమానం. అండం విడుదలైన ప్రతిసారీ అండాశయం పైపొర చిట్లి మళ్లీ అతుక్కోవాలి. విరామం లేని ఈ చిట్లుడే క్యాన్సర్‌కి దారి తీస్తుందేమో అని 1971లో ఈజిప్టు డాక్టర్ మహమూద్ ఫతల్లా రాశాడు. కోళ్లకి ప్రొజెస్టిన్ ఇచ్చినా, మేత తగ్గించి గుడ్లు తగ్గేలా చేసినా క్యాన్సర్లు తగ్గినట్టు ప్రయోగాల్లో కనిపించింది. అయితే ప్రొజెస్టిన్ గుడ్లను కూడా తగ్గిస్తుంది. కాపాడింది హార్మోనా, విశ్రాంతా అన్నది విడదీయడం కష్టం.

మన లేయర్ ఫారాల వాళ్లు ఈ జబ్బు పెద్దగా చూసి ఉండరు. క్యాన్సర్ ఎక్కువగా కనిపించేది రెండేళ్లు దాటిన కోళ్లలో, ఫారంలో కోడిని అంతకు ముందే తీసేస్తారు. గుడ్లు తింటే మనకి వస్తుందా అని అడుగుతారు కూడా. రాదు.

మనిషి క్యాన్సర్ కణాల్ని ఎలుకలో పెట్టి చూస్తారు కదా, అదే మేలు కాదా?

కొన్ని ప్రశ్నలకి మేలే. రోగనిరోధక శక్తి సరిగా లేని, ఒంటి మీద వెంట్రుకలు కూడా లేని 'న్యూడ్' చిట్టెలుకల్లో మనిషి కణాలు పెరుగుతాయి. 1997లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో, అండాశయాలు తీసేసిన అలాంటి ఎలుకల్లో మనిషి అండాశయ క్యాన్సర్ గడ్డకి రక్తనాళాలు జోరుగా మొలవడం చూశారు. పిట్యూటరీ హార్మోన్లు పెరగడం వల్ల గడ్డ, రక్తనాళాల్ని పిలిచే వీఈజీఎఫ్‌ని ఎక్కువగా వదులుతోందని తేల్చారు. అయితే ఈ పద్ధతిలో గడ్డ ఎలా పెరుగుతుందో తెలుస్తుంది గానీ, ఎలా పుడుతుందో తెలియదు. పుట్టిన గడ్డనే కదా తెచ్చి పెట్టింది.

## మనుషుల సంగతి

యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చిన మాత్రల కాగితంలో 'చిట్టెలుకల్లో అండాశయ గడ్డలు' అని ఉంది. ఆపేయాలా?

డాక్టర్‌ని అడగకుండా ఆపకండి. అది నైట్రోఫురాంటాయిన్ అయి ఉంటుంది. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ దీన్ని చిట్టెలుకలకి మేతలో కలిపి రెండేళ్లు పెట్టింది. అంటే వాటి జీవితకాలం దాదాపు అంతా. ఆడవాటికి ట్యూబులార్ అడినోమాలు, గ్రాన్యులోసా గడ్డలు వచ్చాయి. ఆ మోతాదులో మందు అండకణాల్ని చంపేసింది, ఈస్ట్రోజెన్ పడిపోయింది, పిట్యూటరీ హార్మోన్లు పెరిగిపోయి మిగిలిన కణాల్ని తరిమాయన్నది దానికి చెప్పే వివరణ. మీరు వేసుకునేది ఐదు రోజులో, వారమో. ఏళ్ల తరబడి వాడాల్సి వస్తే ఊపిరితిత్తులు, కాలేయం గురించి అడగండి, ఆ ప్రశ్న ఇంతకంటే ముఖ్యమైనది.

ఆస్తమా మందు కాగితంలో కూడా అలాంటిదే ఉందే?

సాల్బుటమాల్. ఎలుకల్లో అండాశయాన్ని పట్టి ఉంచే మడతలో, మీసోవేరియంలో, నునుపు కండరం గడ్డలు వచ్చాయి. అవి క్యాన్సర్ కావు, అండాశయం గడ్డలూ కావు. అడ్రినలిన్ గ్రాహకాల్ని (కణం మీద ఆ హార్మోన్ అతుక్కునే చోట్లని) మూసే ప్రొప్రనొలాల్ అనే మందు కలిపి ఇస్తే రాలేదు, అంటే ఆ గ్రాహకాల దారిన వచ్చినవి. ఇన్‌హేలర్ మానకండి.

మెనోపాజ్ తర్వాత ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ ఎలాగూ పెరుగుతాయి. మరి ఆడవాళ్లందరికీ గడ్డలు రావాలి కదా?

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే. మా పెద్దమ్మ అడిగింది, సైన్సు చదవని మనిషి. మెనోపాజ్ తర్వాత ఆ రెండు హార్మోన్లూ ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉంటాయి, అయినా గ్రాన్యులోసా గడ్డలు అరుదు. అండాశయ క్యాన్సర్లలో నూటికి రెండు నుంచి ఐదు మాత్రమే. ఒక కారణం, అప్పటికి ఆ అండాశయంలో స్పందించే గ్రాన్యులోసా కణాలే పెద్దగా మిగలవు. ఇక ఎక్కువగా వచ్చే, హైగ్రేడ్ సీరస్ అనే దూకుడు రకం క్యాన్సర్ విషయానికొస్తే, అందులో చాలావాటికి మూలం అండాశయం కాదు, ఫాలోపియన్ ట్యూబు చివరి అంచు అని ఇప్పుడు నమ్ముతున్నారు. ఎలుక కథ అబద్ధం కాదు. అది మన కథ కావడానికి కావలసిన పాత్రలు ఇక్కడ లేవు, అంతే.

గర్భనిరోధక మాత్రలు వాడితే అండాశయ క్యాన్సర్ వస్తుందా?

ఇక్కడ జంతువుల దాకా పోనక్కర్లేదు, మనుషుల లెక్కే ఉంది. 2008లో 45 అధ్యయనాల్లోని 23,257 మంది రోగుల వివరాలు కలిపి చూశారు. మాత్రలు వాడిన ప్రతి ఐదేళ్లకి ముప్పు సుమారు 20 శాతం తగ్గింది. 15 ఏళ్లు వాడినవాళ్లలో దాదాపు సగం. ఈ మాత్రలకి రక్తం గడ్డకట్టడం లాంటి వేరే ముప్పులున్నాయి కాబట్టి క్యాన్సర్ కోసమని సొంతంగా మొదలుపెట్టకూడదు.

పిల్లల కోసం ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్ల మాటేమిటి?

ఎలుకలో గడ్డకి నెలల తరబడి, ఆగని ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ కావాలి. చికిత్సలో ఒక్కో విడతకి పదీ పన్నెండు రోజులు. మనుషుల మీద జరిగిన పెద్ద పరిశీలనల్లో ఇన్‌వేసివ్ (చుట్టుపక్కలకి చొచ్చుకుపోయే) క్యాన్సర్‌తో గట్టి సంబంధం కనబడలేదు, బార్డర్‌లైన్ రకం (క్యాన్సర్‌కి అంచున ఉండే) గడ్డల దగ్గర కొంత అనుమానం మిగిలింది. పిల్లలు కలగకపోవడానికి కారణమైన జబ్బే కొందరిలో ముప్పు పెంచుతుంది, అందువల్ల ఇంజెక్షన్ తప్పెంతో తేల్చడం చిక్కు.

ఇలాంటి ప్రయోగం మన కాలేజీలో ఎవరైనా చేసేయొచ్చా?

కుదరదు. సంస్థ సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాల్ని పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీ) దగ్గర నమోదై ఉండాలి, మీ ప్రణాళికను సంస్థలోని జంతు నైతిక కమిటీ ముందు పెట్టాలి. కమిటీ మొదట అడిగేది ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని అని. రెండోది గడ్డ ఎంత పెరిగితే, బరువు ఎంత తగ్గితే ఆ ఎలుకను నొప్పి లేకుండా పంపించేస్తారు అని. ఈ రెండో దానికి అంకె లేకుండా వెళ్లిన ఫైలు తిరిగొస్తుంది. నాది ఒకసారి వచ్చింది.